ఆవిరి బండి ఎక్కిన పేకముక్కలు

రెండు సిలిండర్ల ఆవిరి ఇంజన్‌లో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. ఎడమ పక్క కడ్డీ చక్రానికి తగులుకునే చోటు, కుడి పక్క కడ్డీ తగులుకునే చోటు ఒకే కోణంలో ఉండవు. రెండింటికీ 90 డిగ్రీల తేడా పెడతారు. పిస్టన్ తన దారి కొసకు చేరిన క్షణంలో ఆవిరి ఎంత తోసినా చక్రం కదలదు. బండి సరిగ్గా అక్కడే ఆగిందంటే, ఆ ఒక్క పిస్టన్‌నే నమ్ముకుంటే మళ్ళీ బయల్దేరదు. అందుకే ఒక పక్క బలం సున్నా అయినప్పుడు రెండో పక్క నిండు బలంతో ఉండేలా అమర్చారు.

జోస్యానికి వాడే టారో పేకకట్టలో 10వ ముక్క అదృష్టచక్రం. పైకి లేచేవాళ్ళు, కిందికి జారేవాళ్ళు, మధ్యలో చక్రం. ఆవిరి యుగం ఇతివృత్తంగా కట్ట గీయమంటే చాలామంది చిత్రకారులు ఈ చోట ఒక పెద్ద పళ్ళచక్రం వేసి, దానికి ఇత్తడి రంగు పూసి ఊరుకుంటారు. కడ్డీల కోణం సంగతి తెలిసిన చిత్రకారుడు అలా వెయ్యడు. అతని ముక్కలో ఒక పక్క కడ్డీ దారి మూసుకుపోయి నిలిచి ఉంటుంది, రెండో పక్క కడ్డీ అప్పుడే తోస్తూ ఉంటుంది. ముక్క చేతిలోకి తీసుకున్నవారికి అదృష్టం గురించి కొత్త మాట ఒకటి అందుతుంది. యంత్రం అలంకారంగా మిగలడానికీ, అర్థంగా మారడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

స్టీమ్‌పంక్ అనే పేరును 1987లో అమెరికన్ రచయిత కె.డబ్ల్యు. జీటర్ వాడుకలోకి తెచ్చారు. విక్టోరియా రాణి కాలపు ఆవిరి యంత్రాలే ఇంకా లోకాన్ని నడుపుతున్నట్టు ఊహించి అల్లే కథలు, గీసే బొమ్మలు దీని కిందికి వస్తాయి. 2012లో బార్బరా మూర్ రచనకు ఆలీ ఫెల్ బొమ్మలు వేసిన స్టీమ్‌పంక్ టారో వచ్చింది. ఇలాంటి కట్టల్లో ఊహకు లండన్ పొగే నేపథ్యం. ఆవిరి మన ఊళ్ళలోనూ బతికింది కదా, మన దగ్గర ముక్కలు గీసే విద్య కూడా ఉంది కదా అన్నది నా ఆరాటం. ఆ రెండూ కలిసే చోటు కోసం మ్యాపు చూస్తే వేలు ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ దగ్గర ఆగుతుంది.

రాయ్‌పూర్ నుంచి ధమ్తరీకి 1900లో చిన్న రైలు మార్గం వేశారు. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లే. అభన్‌పూర్ దగ్గర ఒక కొమ్మ విడిపోయి మహానది ఒడ్డున రాజిమ్‌కు చేరేది. ఊరివాళ్ళకు అది ‘ఛోటీ లైన్’. ఇప్పుడు రాయ్‌పూర్ నగరంలో ఆ పట్టాల చోటే వెడల్పాటి రోడ్డు వచ్చేసింది. తెలుగువాళ్ళకు ఈ ఊరితో చుట్టరికం కలిపింది కూడా రైలే. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా పెద్ద లైను 1931లో పూర్తయింది. ఆ దారినే ఉత్తరాంధ్ర కుటుంబాలు కొలువుల కోసం వెళ్ళి అక్కడే స్థిరపడ్డాయి.

రాజిమ్ దగ్గర ఛోటీ లైన్ అందుకున్న మహానదే తూర్పుకు తిరిగి ఒడిశాలో ప్రవేశించి సోన్‌పూర్ చేరుతుంది. ఆ సోన్‌పూర్‌లో, ఇంకా దిగువన పూరీ దగ్గరి రఘురాజపూర్‌లో గుండ్రటి పేకముక్కలు చేత్తో గీసే కుటుంబాలున్నాయి. వాటిని అక్కడ గంజపా అంటారు, మిగతా దేశం గంజీఫా అంటుంది. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా ముక్కలు పంపిన సంగతి తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు కొలువులో ఆడిన పన్నెండు వర్గాల కట్టను అబుల్ ఫజల్ వర్ణించాడు. తెలుగునేల మీద నిర్మల్‌లోనూ, నేటి నంద్యాల జిల్లాలోని నొస్సంలోనూ ఈ ముక్కలు గీసేవారు. నొస్సం పేరు ఇవాళ ఎంతమంది తెలుగువారికి తెలుసు? దేశాలు దాటి గంజీఫా సేకరించేవారికి తెలిసిన ఊరు మనకు తెలియకుండా పోవడం నన్ను నొప్పిస్తుంది.

ముక్క తయారీ నెమ్మదైన పని. పాత నూలుగుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో ఒకదాని మీదొకటి అతికిస్తారు. సుద్దపొడి కలిపిన జిగురు పూసి, ఎండబెట్టి, నున్నటి రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దుతారు. తర్వాత ఇనుప అచ్చుతో గుండ్రంగా కోస్తారు. శంఖం నూరితే తెలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, హరిదళం నుంచి పసుపు, దీపపు మసి నుంచి నలుపు. వీటిని పట్టి ఉంచేది వెలగ బంక. ముందు నేపథ్యం, తర్వాత ఆకారాలు, అన్నిటికన్నా చివర సన్నటి నల్లగీత. పైన లక్క పూత పడితే చెమట చేతులకూ చెక్కుచెదరదు. గుండ్రంగా ఉండటం వల్ల ముక్కకు తలకిందులనే బాధ లేదు, చేతిలో ఎటు తిప్పి పట్టినా ఒకటే.

ఇంత చెప్పినా అది పనితనం మాత్రమే. చిత్రకారుడి తెలివి చూడాలంటే కట్ట కట్టిన తీరు చూడాలి. మొఘల్ గంజీఫాలో 8 వర్గాలు, వర్గానికి 12 ముక్కల చొప్పున 96. కిరీటం, కత్తి, సేవకుడు, వీణలాంటి వాద్యం, బంగారు నాణెం, వెండి నాణెం, పత్రం, సరుకు అనేవి గుర్తులు. ఒక్క దర్బారు నడవడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: ఖజానా, సైన్యం, సంగీతం, కచేరీ కాగితం, గిడ్డంగి. దశావతార కట్టలో 10 వర్గాలు, 120 ముక్కలు. మత్స్యావతారానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి. ఒకటి నుంచి పది దాకా అంకెముక్కలు, పైన మంత్రి, ఆ పైన రాజు. సగం వర్గాల్లో మంత్రి తర్వాత పది పెద్దది, మిగతా సగంలో మంత్రి తర్వాత ఒకటే పెద్దది. మొఘల్ ఆటను పగలు మొదలుపెడితే బంగారు నాణెం వర్గం ముందు దిగుతుంది, రాత్రి మొదలుపెడితే వెండి నాణెం. ఒకటి సూర్యుడిది, ఒకటి చంద్రుడిది.

ఒడిశా ముక్కల్లో వర్గానికో నేపథ్య రంగు. అందుకే 96 ముక్కల కట్టను అఠరంగి, 120 ముక్కల దాన్ని దశరంగి అంటారు. ఆటగాడి చేతిలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి, అంచు మాత్రమే బయటికి కనిపిస్తుంది. ఆ అంచు రంగుతోనే వర్గం పోల్చుకోవాలి. ఆ మాత్రం చూపుకు అందని బొమ్మ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఇతివృత్తం కట్ట మొత్తాన్ని నడిపే వ్యాకరణం కావాలి, తొడిగిన వేషం కాకూడదు. గంజీఫా చిత్రకారులు వందల ఏళ్ళుగా చేసి చూపించినది అదే.

మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఈ వ్యాకరణాన్ని ఎంత దూరం లాగారో చెప్పకుండా ఉండలేను. ఆయన స్వయంగా కొత్త ఆటలు రూపొందించారు. అన్నిటిలోకి పెద్దదానికి 18 వర్గాలు, 360 ముక్కలు. ఆలోచించినది రాజు, గీసినది ఆస్థాన చిత్రకారులు. రాజు పేరే నిలిచింది.

టారో చరిత్రలోనూ అదే అన్యాయం కనిపిస్తుంది. 15వ శతాబ్దం మధ్యలో మిలన్ ప్రభువుల కోసం బంగారు రేకు మీద గీసిన కట్ట ముక్కలు న్యూయార్క్ మోర్గన్ గ్రంథాలయంలోనూ, ఇటలీలోని బెర్గామోలోనూ ఉన్నాయి. అప్పటికి అది ఆటే. జోస్యం 18వ శతాబ్దపు ఫ్రెంచివారు దానికి తగిలించిన పని. ఇవాళ లోకమంతా వాడే రూపం 1909 నాటిది. ఆర్థర్ ఎడ్వర్డ్ వైట్ ఆలోచన, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు, రైడర్ సంస్థ ప్రచురణ. 78 ముక్కల్లో 22 పెద్దవి, 56 చిన్నవి. అంతకు ముందు చాలా కట్టల్లో చిన్న ముక్కల మీద నాణేలో, కత్తులో లెక్కకు సరిపడా ఉండేవి, అంతే. స్మిత్ ప్రతి చిన్న ముక్క మీదా ఒక సన్నివేశం గీసింది. మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, మంచులో కుంటుతూ పోయే ఇద్దరు బీదలు. కట్టకు ప్రాణం పోసింది ఆ సన్నివేశాలే. పెద్ద పని చాలా కొద్ది డబ్బుకు చేశానని ఆ ఏడాదే ఒక మిత్రుడికి ఉత్తరం రాసింది. 1951లో పేదరాలిగా చనిపోయింది. కట్ట మాత్రం దశాబ్దాల పాటు రైడర్, వైట్ పేర్లతోనే అమ్ముడుపోయింది. ఆమె మాత్రం ముక్కల మూలల్లో తన పొడి అక్షరాలు అల్లిన గుర్తు గీసి పెట్టింది.

సరే, ఆవిరి బండి ఇతివృత్తంగా రాయ్‌పూర్ టారో కట్ట ఒకటి గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? టారోలోని నాలుగు వర్గాలు కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు. కర్రలకు ఛత్తీస్‌గఢ్ సాలవృక్షపు దుంగలు, పట్టాల కింద పరిచే చెక్కలు సరిపోతాయి. పాత్రలకు ఇంజన్ నీళ్ళు తాగే తొట్టి. కత్తులకు సిగ్నల్ చెయ్యి: పైకీ కిందికీ ఒక్క కదలికతో ఔను, కాదు తేల్చేసే ఇనుము. నాణేలకు నా ఓటు టోకెన్‌కు. ఒంటి లైను మీద ఆ గుండ్రటి లోహపు బిళ్ళ డ్రైవరు చేతికి రానిదే బండి ముందుకు పోకూడదు. విలువ, అనుమతి, నమ్మకం మూడూ అందులో ఉన్నాయి.

పెద్ద ముక్కల్లో నాకు బాగా ఇష్టమైనది 14వది, మితం. దేవదూత రెండు పాత్రల మధ్య నీళ్ళు వొంపుతుంటుంది. ఆవిరి బండిలో ఆ పని ఫైర్‌మన్‌ది: బొగ్గు ఎంత, నీళ్ళు ఎంత అన్నది గాజు గొట్టంలోని మట్టం చూస్తూ క్షణక్షణం సరిచూసుకోవాలి. ఆ మట్టం తప్పితే 16వ ముక్క వస్తుంది, కూలే గోపురం. బాయిలర్‌లో నీళ్ళు తగ్గి మంటగది కప్పు బయటపడితే అక్కడి సీసపు బిరడా కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది. అదే హెచ్చరిక. అది పనిచెయ్యకపోతే బాయిలర్ పేలుతుంది. ఒక ముక్కలోని గాజు గొట్టాన్నే ఇంకో ముక్కలో పగిలినట్టు చూపిస్తే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

ఇత్తడి సంగతి వేరే చెప్పాలి. స్టీమ్‌పంక్ బొమ్మల్లో ఇత్తడి నున్నగా, మరమేకులతో ఉంటుంది. రాయ్‌పూర్‌కు దక్షిణాన కొండగావ్ ఘడ్వా కళాకారుల ఇత్తడి అలా ఉండదు. మట్టి దిమ్మ మీద మైనపు దారాలు పక్కపక్కనే చుట్టి, పైన మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే కాబట్టి ప్రతి బొమ్మా ఒక్కటే. మైనపు దారాల చారలు లోహం మీద అలాగే మిగులుతాయి. మన ఆదిలాబాద్ ప్రాంతపు ఓజ కళాకారులదీ ఇదే పద్ధతి. ఆ చారల గీతతో బాయిలర్‌ను, చక్రాలను గీస్తే ఆ ఇంజన్ లండన్‌ది అనిపించదు. పైగా అచ్చులో ఇబ్బంది కూడా తీరుతుంది: మామూలు నాలుగు రంగుల సిరాతో ఇత్తడి మెరుపు రాదు, మట్టి రంగుకు దిగిపోతుంది. గీతలో పనితనం ఉంటే ఆ లోటు కనిపించదు.

రాయ్‌పూర్‌కు దగ్గర్లోనే ఖైరాగఢ్‌లో 1956 నుంచి సంగీత, చిత్ర కళల విశ్వవిద్యాలయం నడుస్తోంది. చిత్రకారుడి కోసం దూరం వెళ్ళక్కర్లేదు. వెతకాల్సింది ఇంజన్ దగ్గర నిలబడి చూసే ఓపిక ఉన్నవారిని. ఒప్పందంలో రచయిత పేరు పక్కనే, అదే అక్షరాల పరిమాణంలో చిత్రకారుడి పేరు కట్ట డబ్బా మీద ఉండాలని రాసుకోవాలి. ప్రతి ముద్రణకూ వాటా ఎంతో కూడా అప్పుడే తేల్చుకోవాలి. పని మాత్రం రాజులతో, దేవతలతో మొదలుపెట్టకూడదు. ముందు ఒకటి నుంచి పది దాకా నాలుగు వర్గాల నలభై ముక్కలు గీయాలి. వాటిని అసలు కొలతలోనే అచ్చు తీసి, చేతిలో పేర్చి పట్టుకుని, మసక వెలుతురులో అంచు చూసి వర్గం చెప్పగలుగుతున్నామో లేదో పరీక్షించాలి. చెప్పలేకపోతే రంగులు మార్చి మళ్ళీ గీయాలి. అదృష్టచక్రం వంతు ఆ తర్వాతే.