ఆ ఒక్క గడి

ఏటా మార్చి వచ్చేసరికి మాకు నిధులిచ్చే ఫౌండేషన్ నుంచి ఒక ఫారం వస్తుంది. గడులన్నీ గబగబా నింపేస్తాను. ఒక్కదాని దగ్గర మాత్రం పెన్ను ఆగిపోతుంది: 'ఈ మార్పులో మీ సంస్థ వాటా ఎంత?'

ఆ గడి చూసినప్పుడల్లా నాకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. 1990 తర్వాత ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడి వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది. ఆడవాళ్లు కూడబలుక్కుని చదివారు. చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరూరా పాకింది. జిల్లా కదిలింది, రాష్ట్రం కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం.

అక్షరాస్యత లెక్కంటే ఎంతమంది చదవడం, రాయడం నేర్చారన్నదే. దుకాణం మూతపడితే రాసుకోవడానికి అందులో చోటేది? పోనీ ఉన్నా, వాటా ఎవరికి రాస్తాం? పాఠం రాసినవారికా, పొద్దుగూకాక వచ్చి చదువు చెప్పిన వాలంటీరుకా? కూలి డబ్బులు సారాకే పోతుంటే పిల్లల్ని పస్తు పడుకోబెట్టిన తల్లుల కడుపుమంట ఏ సంస్థ ఖాతాలోదీ కాదు.

లెక్కలే వద్దని నేననను. గేట్స్ ఫౌండేషన్ 2003లో మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన హెచ్ఐవీ నివారణ కార్యక్రమం 'ఆవాహన్' మీద 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. జిల్లాల వారీగా పెట్టిన ఖర్చునీ, గర్భిణుల పరీక్షల్లో బయటపడ్డ హెచ్ఐవీ శాతాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అయిదేళ్లలో సుమారు లక్షమందికి హెచ్ఐవీ సోకకుండా ఆగిందని తేల్చారు. అంచనా అనే అన్నారు, దాని హద్దులు ఎంత వెడల్పో కూడా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కిందటేడు ఫారం ముట్టుకోకముందే ఒక తల్లి దగ్గరికి వెళ్లాను. "అమ్మాయి బడి మానకుండా పదో తరగతి దాకా ఎట్లా వచ్చిందమ్మా?" అని అడిగాను. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. చదువు మాన్పించి పెద్దపిల్లకు పెళ్లి చేసి తాను పడ్డ బాధ ఒకటి. మలుపులో బస్సాపే కండక్టరు. ఇంటికొచ్చి బతిమాలిన లెక్కల సారు. బడిలో మధ్యాహ్నం అన్నం.

"మీ ట్యూషనూ ఉంది సార్" అంటూ మిగిలిన బొటనవేలు మడిచింది.

గడిలో ఆ అయిదూ రాసి పంపాను.