సంపెంగ పువ్వు, కంభం చెరువు

2023 జూన్‌లో మా అమ్మాయి నన్ను ఎడిన్‌బరో చూపించడానికి తీసుకెళ్లి, మా ఇద్దరి కోసమే రెండు గంటలకి ఒక గైడుని మాట్లాడింది. గుంపుతో కలిసి నడిస్తే నా మోకాళ్లు వెనకపడతాయనీ, నా ఇంగ్లీషు ఇంకా వెనకపడుతుందనీ దాని భయం. ఎంతయిందని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "నువ్వు రూపాయల్లోకి లెక్కేసుకుంటావు, ఇంక ఊరేం చూస్తావు" అంది. నిజమే, నేనట్లాగే చేస్తాను.

వచ్చిన గైడు పాతికేళ్ల పిల్ల. చరిత్రలో పరిశోధన చేస్తూ, ఖర్చుల కోసం ఈ పని చేస్తోందట. కోట ముందు నిలబెట్టి రాజుల గురించి మొదలుపెట్టింది. నేను మాత్రం పైకి చూస్తున్నాను. ఆ పాత ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ పలకలే. వానకి తడిసి నల్లగా, పొరలు పొరలుగా, మా ఊరి గుట్టల్లో నుంచి తీసుకొచ్చి పరిచినట్టున్నాయి.

మాది మార్కాపురం. మా అమ్మ నా చిన్నప్పుడు పలకల షెడ్డులో పనిచేసింది. గనిలో రాయి తీసేదీ, ఉలి పెట్టి పొరలుగా చీల్చేదీ మగవాళ్లు. కోసిన పలకని నీళ్లు పోసి రుద్దేదీ, చెక్క చట్రం బిగించేదీ, లెక్కపెట్టి కట్టలు కట్టేదీ ఆడవాళ్లూ, వాళ్ల వెంట పోయిన పిల్లలూ. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. దేశంలో ఎంతమంది అక్షరాలు దిద్దిన పలకలకో చట్రాలు బిగించిన మా అమ్మకి సంతకం రాదు. ఈ సంగతి నేను సభల్లో చాలాసార్లు చెప్పాను, చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. ఇప్పుడు చెప్పాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

ఆ పలకలెక్కడివని అడిగాను. స్కాట్లాండ్ పడమటి తీరంలో బాలహూలిష్ లాంటి చోట్ల గనులుండేవనీ, బాలహూలిష్‌లో 1690లలో మొదలైన పని 1955లో ఆగిపోయిందనీ గైడు చెప్పింది. గని మనుషుల కష్టం గురించి కూడా చెప్పింది. ఆడవాళ్లేం చేసేవాళ్లని అడిగితే ఆగి, "ఈ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదు" అంది. చదివి తెలుసుకుంటానంది. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఆ తర్వాత దారిలో ముగ్గురు ఆడవాళ్లు తగిలారు. అంటే ముగ్గురి కథలు. మొదటిది మేరీ కింగ్. రాయల్ మైల్ అనే పెద్ద వీధి నుంచి రెండు పక్కలా దిగే ఇరుకు సందులని అక్కడ క్లోజ్‌లంటారు. వాటిలో ఒకదానికి ఆమె పేరు. 1630లలో భర్త పోయాక బట్టల వ్యాపారం చేసుకుంటూ పిల్లల్ని పెంచుకున్న మనిషి. 1753లో ఆ సందు మీదనే పెద్ద భవనం కట్టడం మొదలుపెట్టారు. సందు నేల కిందకి పోయింది. ఇప్పుడది దయ్యాల సందుగా పేరుమోసింది. బట్టలమ్మి బతికిన ఆడమనిషి పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది దయ్యం!

రెండోది మ్యాగీ డిక్సన్. 1724లో ఆమెని గ్రాస్‌మార్కెట్‌లో ఉరితీశారు. పాతిపెట్టడానికి తీసుకుపోతుంటే పెట్టెలో నుంచి లేచిందట. చట్టం ప్రకారం శిక్ష అయిపోయింది గనక మళ్లీ ఉరితీయలేదు. ఆమె పేరున ఒక పబ్బు ఉంది. ఈ కథ దగ్గర అందరూ నవ్వుతారట, నేనూ నవ్వాను. ఇంతకీ ఆమె నేరమేమిటి? గర్భం దాచిపెట్టడం. కడుపుతో ఉన్న సంగతి ఎవరికీ చెప్పకుండా, కాన్పులో సాయానికి ఎవరినీ పిలవకుండా, బిడ్డ చనిపోతే తల్లిని హంతకురాలిగా లెక్కగట్టే చట్టం 1690లో చేశారు. నేను అడగబట్టి ఈ సంగతి తెలిసింది. అడగకపోతే నవ్వుతోనే పక్క వీధికి మళ్లేవాళ్లం.

మూడోది ఒక్కరి కథ కాదు. కోట ముందు మైదానం అంచున గోడకి చిన్న నీటి తొట్టి, దాని మీద లోహపు ఫలకం. మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్లని కాల్చి చంపిన చోటుకి గుర్తుగా 1894లో పెట్టారు. పెట్టించినవాడు పాట్రిక్ గెడ్డెస్. 1914 తర్వాత మన దేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ల బాగోగుల మీద నివేదికలు రాసిన పెద్దమనిషే. ఊరంటే మనుషులని నమ్మినవాడు. అంతటివాడు పెట్టించిన ఫలకం మీద కూడా, వాళ్లలో కొందరు తమ శక్తిని చెడుకి వాడారనీ, మరికొందరిని లోకం అపార్థం చేసుకుందనీ అర్థం వచ్చే మాట ఉంది. గైడు అక్కడ ఆగి, "ఈ వాక్యం తప్పు" అంది. 1563 నుంచి 1736 దాకా అమలులో ఉన్న చట్టం కింద స్కాట్లాండ్‌లో నిందపడ్డవాళ్ల పేర్లు 3,800కి పైగా పరిశోధకులకి దొరికాయట. వాళ్లలో 84 శాతం ఆడవాళ్లు. 2022 మార్చి 8న అప్పటి ప్రభుత్వాధినేత నికొలా స్టర్జన్ శాసనసభలో క్షమాపణ చెప్పింది. ఫలకం మీది వాక్యం మాత్రం అట్లాగే ఉంది.

ఇదంతా యాత్రాకథనం కోసం రాయడం లేదు. తెలుగులో విదేశీ యాత్రాకథనాలకి కరువు లేదు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్లొచ్చి రాసిన పుస్తకం మద్రాసులో అచ్చయి 1876 నాటికే ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చినా రోడ్లెంత శుభ్రంగా ఉన్నాయో, రైళ్లెంత వేళకొస్తాయో రాస్తూనే ఉన్నాం. నాకు కావలసింది వేరు. గైడు చెప్పే కథ కూడా ఒక పాఠ్యమే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో, ఎవరి పేరు చెప్పి ఎవరి పని చెప్పకూడదో దానికి ఒక వ్యాకరణం ఉంది. ఆ వ్యాకరణం పరాయి ఊళ్లో తొందరగా కనిపించింది నాకు. ఇంట్లో నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పీ చూడలేకపోయాను.

చూడలేకపోయింది తుక్కాదేవిని.

మా ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, తక్కినవాళ్ల కోసం. మార్కాపురం, గిద్దలూరుల మధ్య కంభం. గుండ్లకమ్మ, జంపలేరు కలిసి రెండు కొండల సందులో నుంచి బయటపడేచోట అడ్డంగా కట్ట వేస్తే అయింది కంభం చెరువు. ఏడు కిలోమీటర్ల పొడుగు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. ఆ గజపతి రాజకుమార్తెకి ఎన్ని పేర్లో! వరదరాజమ్మ, రుచిదేవి, జగన్మోహిని, అన్నపూర్ణ, తుక్కాదేవి. ఇన్ని పేర్లున్న మనిషికి తిరుమలలో రాయలవారి లోహవిగ్రహం పక్కన చోటు లేదు. అక్కడున్నది తిరుమలదేవి, చిన్నాదేవి. 1515లో కొండవీడు పడింది. ఆ యుద్ధాలన్నీ అయ్యాక సంధిలో భాగంగా గజపతి కూతుర్నిచ్చాడు. కప్పం కింద వచ్చిన పిల్ల. తండ్రి ఆమె చేత రాయలని చంపించబోయాడని ఒక చాటుకథ, అది తెలిసి రాయలు ముట్టుకోలేదని దానికి తోక. దూరంగా కంభంలో ఒంటరిగా బతికిందనీ, అక్కడ అయిదు సంస్కృత శ్లోకాలు చెప్పిందనీ మరో కథ. వాటినే తుక్కాపంచకం అంటారు.

నేను క్లాసులో ఈ శ్లోకాల గురించి చెప్పిన ప్రతిసారీ "భర్త నిరాదరణకి గురైన రాణి విరహం" అనేదాన్ని. సాహిత్య చరిత్రల్లో అట్లా ఉంది, నేనూ అట్లా చెప్పాను. ప్రసిద్ధమైన శ్లోకంలో ఒక తుమ్మెద. అడవిలో కొత్త పూలన్నిటి మీదా తిరుగుతుంది, సంపెంగని మాత్రం వాసన చూడదు. అప్పుడు కవయిత్రి రెండు ప్రశ్నలు వేస్తుంది: ఆమె అందమైనది కాదా, అతను రసికుడు కాడా? చివరికి అంతా ఈశ్వరుడి ఇష్టం అని ముగిస్తుంది. మేమంతా ఆ ముగింపు దగ్గర ఆగి, పాపం, విధికి తలవంచింది అనుకున్నాం. కానీ సంస్కృతంలో ఈశ్వరుడంటే దేవుడొక్కడే కాదు, ఏలేవాడు, యజమాని, రాజు. రాజభార్య నోట ఆ మాట వస్తే రెండర్థాలూ పలుకుతాయి కదా! లోపం పువ్వులో లేదు, తుమ్మెద రసికత్వంలోనూ లేదు, ఏలేవాడి ఇష్టారాజ్యం అలా ఉంది. ఇది తలవంచడం ఎట్లా అవుతుంది? ఆమె వేలు పెట్టి చూపించిన చోటుని మేం ఆకాశం అనుకున్నాం.

దీని పక్కన మనవాళ్లకి బాగా తెలిసిన ఇంకో సంపెంగని పెట్టి చూడండి. వసుచరిత్రలో ఉన్న పద్యం, ముక్కు తిమ్మన దగ్గర భట్టుమూర్తి కొనుక్కున్నాడని చెప్పుకునేది. తుమ్మెద తన దగ్గరికి రాలేదని బాధపడిన సంపెంగ తపస్సు చేసి, ఆడదాని ముక్కయి పుట్టి, తుమ్మెదల్లాంటి చూపుల్ని రెండు పక్కలా పొందింది. చమత్కారానికి తిరుగులేదు, ముచ్చటపడి ఎన్నేళ్లు చెప్పానో. కానీ అక్కడ పువ్వు చేసిన పనేమిటి? తను మారిపోయింది. తుమ్మెదకి నచ్చే రూపం తెచ్చుకుంది. శ్లోకంలో సంపెంగ సంపెంగగానే ఉండి ప్రశ్న అడుగుతుంది. తిరుమలదేవి అలక తీర్చడానికి తిమ్మన పారిజాతాపహరణం రాశాడంటారు. ఒక రాణి అలకకి ప్రబంధం పుట్టింది, ఇంకో రాణిని వదిలేస్తే ఆమే చెప్పుకోవాల్సి వచ్చింది.

శ్లోకాలు ఆమెవేనా అన్నది చాటు సంప్రదాయం మాట మీద నిలబడిన సంగతి, దాన్ని శాసనంలా చూపించను. నా ఫిర్యాదు ఇంకోటి. శ్లోకాలకి ఆధారం జనశ్రుతి, చెరువుకీ ఆధారం జనశ్రుతే. సాహిత్య చరిత్ర మొదటిదాన్ని పట్టుకుని ఆమెని విరహిణిని చేసింది. నీటిపారుదల పుస్తకాలు రెండోదాన్ని ఒక్క వాక్యంలో చెప్పి కట్ట కొలతల్లోకి వెళ్లిపోయాయి. ఒక నదిని రెండు కొండల మధ్య ఆపాలని అనుకున్న మనసూ, ఆ ప్రశ్నలు అడిగిన మనసూ ఒకరివేనని జనం చెబుతుంటే, చదువుకున్నవాళ్లం రెంటినీ ఒకచోట పెట్టి చదవలేదు.

2024 సంక్రాంతి తర్వాత కంభం వెళ్లాను. ఈసారి గైడుని మాట్లాడే మా అమ్మాయి పక్కన లేదు. కట్ట మీద గేదెలు తోలుకొస్తున్న ఒక పెద్దామె కనిపిస్తే, చెరువు చూడాలని వచ్చానన్నాను. "చూసేదేముందమ్మా, నీళ్లేగా" అంటూనే వెంట నడిచింది. తూము చూపించింది. ఏ ఏడు ఎక్కడిదాకా నీళ్లొచ్చాయో రాళ్ల మీద గుర్తులు చూపించింది. ఎడిన్‌బరో పిల్లలాగే ఎక్కడ ఆగాలో ఈమెకీ తెలుసు. కొండ వైపు తిరిగి, "ఇది కట్టిచ్చింది ఆడమనిషే గదమ్మా" అంది.

నేను ఉత్సాహంగా వరదరాజమ్మ, గజపతులు, శ్లోకాలు అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నది. "అయితే మొగుడు ఇడిసిపెట్టిండన్నమాట" అని కాసేపు ఊరుకుంది. తర్వాత, "కట్టిచ్చింది ఆయమ్మ. మట్టి మోసింది మావోళ్లు. మేం వడ్డెరోళ్లం తల్లీ. మా ముసల్ది చెప్పేది, ఆడోళ్లు చంకన బిడ్డని పెట్టుకుని తట్టలు మోశారంట" అంది.

పోరుమామిళ్ల చెరువుకి 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు అని అందులో లెక్క. ఆ వెయ్యిమందిలో తట్టలు ఎత్తినవాళ్లెవరో చదువుతున్నప్పుడు నాకెప్పుడూ తట్టలేదు. రాణిని విరహంలో నుంచి బయటికి లాగిన ఆనందంలో, ఆమె కట్ట కింద ఉన్నవాళ్లని నేనూ మేరీ కింగ్ సందులాగే కప్పేశాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు "మనకు తెలియని మన చరిత్ర" కోసం ఊరూరా తిరిగి ఆడవాళ్లని అడిగి రాసి, అచ్చేసింది 1986లో. ఆ పుస్తకం నా బీరువాలో ఎప్పటి నుంచో ఉంది. పలకల షెడ్డులో ఏం జరిగేదో మా అమ్మని కూర్చోబెట్టి నేను ఒక్కరోజు కూడా అడగలేదు. అడగడానికి ఇప్పుడామె లేదు.

మా మార్కాపురం పేరే మారిక అనే గొల్ల ఆడమనిషి పేరు మీద వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. చెన్నకేశవస్వామి గుడి గాలిగోపురం కింద ఆడుకున్న రోజుల్లో ఆ కథ ఎవరూ నాకు చెప్పలేదు, పెద్దయ్యాకే విన్నాను. శంకుస్థాపన రాళ్లు మాత్రం మా పడమటి పల్లెల్లో కావలసినన్ని. వెలిగొండ ప్రాజెక్టుకే 1996 నుంచి ఎన్ని రాళ్లు వేశారో! వాటి మీద పేర్లు చదవడానికి ఏ గైడూ అక్కర్లేదు.

కట్ట దిగుతుంటే పెద్దామె అడిగింది, ఆ సీమలో నీకు ఊరు చూపెట్టిన పిల్ల పేరేంది అని. మొదటే చెప్పింది ఆ పిల్ల, చెయ్యి కలుపుతూ. నాకు గుర్తు లేదు. మరిచిపోయానన్నాను. ఆమె నవ్వి, గేదెని అదిలించి, తన పేరు చెప్పింది. మళ్లీ ఒకసారి చెప్పించుకుని, బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాను.