హోలోగ్రామ్ ఒలిచే ముందు

నాణేలు సేకరిస్తానని తెలిసిన పాఠకులు నాకు తరచూ కొన్ని ఫొటోలు పంపుతుంటారు. బంగారు పూత, మధ్యలో పెద్ద ‘బి’ అక్షరం ఉన్న గుండ్రటి బిళ్ల. ‘ఇది ఎంత చేస్తుందండీ?’ అని అడుగుతారు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే అలంకరణ వస్తువది. బల్ల మీద పెట్టుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి దానిలో ఏమీ లేదు. అలా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బాధగానే ఉంటుంది. అయితే నిజంగా లోపల బిట్‌కాయిన్ ఉన్న లోహపు నాణేలు కూడా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూసిన వస్తువుల్లో నన్ను అంతగా ఆలోచింపజేసినవి తక్కువ.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, శాండీ అనే ఊళ్లో మైక్ కాల్డ్‌వెల్ 2011లో ‘కసాషియస్’ పేరుతో వీటిని తయారుచేయడం మొదలుపెట్టారు. ఒక బిట్‌కాయిన్‌కు ఇత్తడి నాణెం. పెద్ద మొత్తాలకు వెండి నాణేలు, బంగారు పూత వేసినవి, కడ్డీలు కూడా ఉండేవి. తొలి విడత హోలోగ్రామ్ మీద ఆయన పెట్టుకున్న పేరే అచ్చుతప్పుతో పడింది. ఇప్పుడు సేకర్తలు ఆ తప్పు ఉన్న నాణేల కోసమే వెతుకుతారు. 2013 నవంబరులో అమెరికా ఆర్థిక శాఖకు చెందిన ఫిన్‌సెన్ సంస్థ, ఈ పని డబ్బు బదిలీ వ్యాపారం కిందికి వస్తుందని ఆయనకు తెలియజేసింది. ఆయన బిట్‌కాయిన్ నింపిన నాణేల అమ్మకం ఆపేశారు. అప్పటికే 27 వేలకు పైగా నాణేలు, కడ్డీలు బయటికి వెళ్లిపోయాయి. వాటన్నిటిలో కలిపి దాదాపు 90 వేల బిట్‌కాయిన్‌లు.

నాణెంలో బిట్‌కాయిన్ ఉందనడం మాటవరసకే. బిట్‌కాయిన్ ఎప్పుడూ ప్రపంచమంతా పంచుకునే ఒక లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. నాణెంలో ఉండేది ఒక చిన్న కాగితం, దాని మీద ప్రైవేట్ కీ, అంటే ఆ సొమ్మును తీసుకోనిచ్చే రహస్య సంకేతం. దానిపైన హోలోగ్రామ్ అతికించి ఉంటుంది. బిట్‌కాయిన్ అడ్రస్‌లోని మొదటి ఎనిమిది అక్షరాలు మాత్రం బయటికి కనిపిస్తాయి. ఆ ఎనిమిదీ చాలు, ఒలవకుండానే అందులో సొమ్ము ఉందో లేదో చూసుకోవచ్చు. తాను నింపిన అడ్రస్‌ల జాబితాను కాల్డ్‌వెల్ బహిరంగంగా పెట్టారు మరి. నాణెం కొనేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలా మోసాలు మొదట్లోనే తేలిపోతాయి.

న్యూజెర్సీలో ఉండే మా చిన్నాన్న కొడుకు దగ్గర అలాంటి ఇత్తడి నాణెం ఒకటి ఉంది. 2012లో, బిట్‌కాయిన్ ధర పది డాలర్ల చుట్టుపక్కల తిరుగుతున్నప్పుడు సరదాకి కొన్నాడు. ఇల్లు కొనే ఆలోచన వచ్చాక దాన్ని విడిపించాలనుకున్నాడు. వెంటనే ఒలవనివ్వలేదు నేను. ‘ఒలిచిన నాణెం, ఒలవని నాణెం ఒకటి కాదురా’ అన్నాను. పిల్లలు చిల్లర దాచుకునే మట్టి డిబ్బీ లాంటిదది, లోపలిది కావాలంటే పగలగొట్టాల్సిందే. హోలోగ్రామ్ చెక్కుచెదరని నాణేనికి సేకర్తలు లోపలి బిట్‌కాయిన్ విలువ కంటే ఎక్కువే ఇస్తారు. ఒలిచిన మరుక్షణం ఆ అదనపు విలువలో చాలా భాగం పోతుంది. అందుకే ముందు అమ్మడమా, విడిపించడమా అని తేల్చుకోవాలి. విడిపించాలని తేల్చుకోవడానికి వాడు వారం తీసుకున్నాడు. నాకది తొందరపాటుగానే అనిపించింది గానీ, నాణెం వాడిది.

ఒలవడం నెమ్మదిగా జరగాలి. హోలోగ్రామ్‌ను అంచు నుంచి లేపితే లోహం మీద తేనెపట్టు లాంటి గళ్ల జాడ మిగులుతుంది. ఎవరో ముందే తెరిచారని చెప్పేది ఆ జాడే. (2013లో లాస్ వేగస్‌లో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సదస్సులో, ఆ జాడ పడకుండా కూడా లేపవచ్చని కొందరు చేసి చూపించారు. అందుకే చేతులు మారిన నాణెం విషయంలో హోలోగ్రామ్ ఒక్కదాన్నే నమ్మవద్దంటాను.) కాగితాన్ని భూతద్దం కింద, మంచి వెలుతురులో చదవాలి. ఫోన్‌తో ఫొటో తీయకూడదు. తీసిన ఫొటో మనకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళ్తుంది. ఆ కీ చూసినవాడే సొమ్ముకు యజమాని. బ్యాంకుకు ఫోన్ చేసి ఆపించడానికి అక్కడ బ్యాంకు లేదు.

కాగితం మీదిది మినీ కీ. తొలి నాణేల్లో 22 అక్షరాలు, తర్వాతి వాటిలో 30. మొదటి అక్షరం ఎప్పుడూ ‘ఎస్’. సున్నా, పెద్ద ‘ఓ’, పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’ ఇందులో రావు, ఎందుకంటే కంటిని మోసం చేసేవి అవే. ఇక నాకు బాగా నచ్చిన సంగతి. ఈ అక్షరాల చివర ఒక ప్రశ్నార్థకం చేర్చి ‘షా 256’ అనే గణితంలో వేస్తే, ఫలితంలో మొదటి బైట్ సున్నా రావాలి. అలా వచ్చే కీలనే తయారీదారు ఎంచుకుంటాడు. ఒక అక్షరం తప్పుగా కొడితే 256లో 255 వంతులు అక్కడే దొరికిపోతుంది. ప్రశ్నార్థకం లేకుండా అదే గణితంలో వేస్తే అసలు ప్రైవేట్ కీ వస్తుంది. చేత్తో టైపు చేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన పని ఇది. ఆ శ్రద్ధను నేను మనసారా గౌరవిస్తాను.

మావాడు మినీ కీని ఆఫ్‌లైన్ కంప్యూటర్‌లో అసలు కీగా మార్చి, దాన్ని ఒక కొత్త వాలెట్‌లో వేశాడు. కాసేపటికి ఫోన్. ‘అన్నయ్యా, బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది.’ గొంతు వణుకుతోంది. ‘అడ్రస్ మొదటి ఎనిమిది అక్షరాలు చదువు’ అన్నాను. నాణెం మీది వాటితో కలవలేదు. విషయం అర్థమైంది. ఒకే ప్రైవేట్ కీ నుంచి, అడ్రస్‌కు ఆధారమైన పబ్లిక్ కీని రెండు రకాలుగా రాయవచ్చు, పూర్తి రూపం ఒకటి, కుదించిన రూపం ఒకటి. రెంటికీ అడ్రస్‌లు వేరు. ఈ నాణేలు పూర్తి రూపం వాడిన కాలానివి. ఈనాటి వాలెట్లు చెప్పకుండానే కుదించిన రూపం తీసుకుంటాయి. సొమ్ము ఎక్కడికీ పోలేదు, వాలెట్ వేరే గుమ్మం దగ్గర వెతుకుతోంది, అంతే. ఎలక్ట్రమ్ లాంటి వాలెట్‌కు మినీ కీని ఉన్నదున్నట్టు ఇస్తే అది సరైన రూపాన్నే ఎంచుకుంటుంది. సున్నా చూసి కాగితం చించేసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో అనుకుంటే గుండె బరువెక్కుతుంది.

తర్వాతి మాట గట్టిగా చెప్పాలి. కీని ‘ఇంపోర్ట్’ చేసి ఊరుకోకూడదు, ‘స్వీప్’ చేయాలి. ఇంపోర్ట్ చేస్తే సొమ్ము పాత అడ్రస్‌లోనే ఉంటుంది. తెరిచిన కాగితాన్ని చూసిన ఎవరైనా తీసుకోవచ్చు. స్వీప్ అంటే మొత్తాన్ని ఒకేసారి మన కొత్త అడ్రస్‌కు పంపేయడం. కొత్త వాలెట్ బ్యాకప్ పదాలను ముందే కాగితం మీద రాసి సరిచూసుకోవాలి. బ్యాకప్ లేని వాలెట్‌లోకి స్వీప్ చేయడం, భద్రమైన చోటు నుంచి ప్రమాదంలోకి సొమ్మును తరలించడమే. మావాడి చేత ఆ పదాలు రాయించి, వాలెట్ చెరిపించి, ఆ పదాలతోనే మళ్లీ తెరిపించాకే ముందుకు వెళ్లనిచ్చాను. కొంచెం విసుక్కున్నాడు.

ఈ నాణేలలో నన్ను కదిలించేది నమ్మకం. కీలు తయారుచేసినవాడు కాల్డ్‌వెల్. నకళ్లు ఉంచుకోనని ఆయన మాట ఇచ్చారు. కొన్నవాళ్లు ఆ మాట మీదే కొన్నారు. ఎవరినీ నమ్మనక్కర్లేదని చెప్పే వ్యవస్థలో, ఒక మనిషి మాటను జేబులో వేసుకుని తిరిగారు వాళ్లు. ఆయన ఆ భారాన్ని తన మీదే ఉంచుకోవాలనుకోలేదు. తయారుచేసేవాడికి కూడా కీ తెలియకుండా, కొనేవాడి పాస్‌వర్డ్‌తో తాళం వేసే పద్ధతిని బిప్ 38 పేరిట రాసినవాళ్లలో ఆయన ఒకరు. ఆ పద్ధతిలో చేసిన నాణెమైతే ఒలిచినంత మాత్రాన సరిపోదు, పాస్‌వర్డ్ కూడా కావాలి. నాణెం తండ్రి లాకర్‌లో, పాస్‌వర్డ్ తండ్రి తలలోనే ఉండిపోతే పిల్లలకు మిగిలేది లోహం మాత్రమే. మన ఇళ్లలో బంగారం ఎక్కడుందో ఒకరికైనా చెప్పి ఉంచుతారు. ఇలాంటివి ఉన్నవాళ్లు అదేంటో, ఎలా విడిపించాలో, పాస్‌వర్డ్ ఎక్కడుందో రాసి పెట్టాలి. నాణేన్ని, ఆ రాతను ఒకే చోట పెట్టకూడదు. భారత్‌లో ఉంటూ అమ్మేవాళ్లకు 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకంలో 1 శాతం టీడీఎస్ ఉన్నాయని కూడా వారసులకు చెప్పి ఉంచడం మంచిది.

బిట్‌కాయిన్ వెళ్లిపోయాక కాగితం పారేయకండి. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ చీలిపోయింది. ఆ రోజుకు నాణెంలో సొమ్ము ఉండి ఉంటే, అదే కీ కింద అంతే సంఖ్యలో బిట్‌కాయిన్ క్యాష్ కూడా ఉంటుంది. క్రమం మాత్రం ముఖ్యం. ముందు బిట్‌కాయిన్‌ను కొత్త అడ్రస్‌కు పంపి, అది ఖరారయ్యాకే ఆ కీని రెండో వాలెట్‌కు ఇవ్వాలి. మావాడు ఈ చీలిక సంగతి వినడానికి ముందే కాగితాన్ని చెత్తబుట్టలో వేయబోయాడు. ఇప్పుడది ఇత్తడి బిళ్లతో పాటు వాళ్లింటి ఇనప్పెట్టెలో ఉంది. ఒలిచిన బిళ్లకూ కొనేవాళ్లున్నారు, దాన్ని అమ్మనని మాత్రం చెప్పాడు.