కొనేవాళ్లొచ్చే ఆదివారం

ఫ్లాట్ అమ్మకానికి పెట్టామో లేదో, కుక్కని కొన్నాళ్లు ఊరికి పంపేయమన్నాడు బ్రోకరు. ముసలి ప్రాణం, ఎక్కడికి పంపుతాం?

హైదరాబాద్‌లో ఇల్లు చూడ్డానికి ఎవరూ ఒంటరిగా రారు. భార్యాభర్తలు, అత్తగారు, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని వాస్తు చూసే బావమరిది, ఇద్దరు పిల్లలు. అదీ ఆదివారం పూట, "మీ వీధిలోనే ఉన్నామండీ" అంటూ. వాళ్లలో ఒకరికైనా కుక్కంటే హడలు. గుమ్మంలోనే బిగుసుకుపోయిన మనిషికి ఇక వంటిల్లేం కనిపిస్తుంది? కొత్తవాళ్లు గుంపుగా వచ్చి బీరువాలు తెరుస్తుంటే మొరగడం కుక్కకీ ధర్మమే. గదిలో పెట్టి గడియేస్తే తలుపు గీకుతుంది, పైగా ఆ గది చూపించలేం. అందుకే గంట ముందు ఫోన్ చేయనిదే ఎవర్నీ తీసుకురావద్దన్నాం. మావారు ఇల్లు చూపిస్తారు, నేను కుక్కతో పార్కులో తిరుగుతాను.

అసలు చిక్కు వాసనతో. రోజూ పీల్చే వాసనని ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది. కుక్కల్లేని స్నేహితురాలిని పిలిచి వాసన చూడమంటే, మొహమాటమైనా లేకుండా సోఫా వైపు వేలు చూపించింది.

మూత్రంలోని యూరిక్ ఆసిడ్ నీళ్లకి సరిగా కరగదు. తుడిస్తే పోయిందనుకుంటాం, ముసురు పట్టగానే వాసన మళ్లీ లేస్తుంది. దానికి ఎంజైమ్ క్లీనర్ పోసి, కాసేపు తడిగా వదిలేయాలి. అమోనియా ఉన్నవి వద్దు. మూత్రం వాసనే అనుకుని కుక్క మళ్లీ అక్కడే కాలెత్తుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ అసలే వద్దు. అందులోని ఫినాల్‌ని పిల్లి కాలేయం సరిగా విచ్ఛిన్నం చేసుకోలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా ప్రమాదమే.

ఇంత కడిగాక, కుక్క ఉన్న సంగతే ఎత్తొద్దంటాడు బ్రోకరు. అక్కడ నేను ఒప్పుకోను. జంతువు వెళ్లిపోయినా దాని అలర్జీ కారకాలు వెంటనే పోవు. పిల్లివైతే నెలల తరబడి ఉంటాయి. కొనేవాళ్లింట్లో ఉబ్బసం ఉన్న పిల్ల ఉంటే? అందుకని బేరానికి కూర్చోకముందే చెప్పేస్తాను. విని వెనక్కి తగ్గినవాళ్లున్నారు, తగ్గనీ.

ఒకాయన మాత్రం కుక్క మాట వినగానే కుర్చీ ముందుకి జరుపుకున్నారు. వాళ్లకీ ఒకటుందట. అసోసియేషన్ గొడవ చేస్తుందా అని అడిగారు. ఓటేసి తీర్మానించినా పెంపుడు కుక్కల్ని నిషేధించే వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉందని చెప్పాను. కుక్కంటే పడని మూడో అంతస్తు ఆవిడకి మాత్రం ఆ కాగితం చూపించొద్దని, లిఫ్టు ముందు ఆవిణ్ణే ఎక్కనివ్వమనీ చెప్పాను.