పునర్గీతమునందలి గూఢార్థము

ఒకమాఱు పాడబడిన పాటను చిరకాలమునకు మఱల పాడినచో ఆ రెండవపాట కర్థమేమి? పదములు మాఱలేదు కావున అర్థమును మాఱలేదనుట యొక పక్షము. కాలము, పాడించినవారు, వాద్యములు మాఱినవి కావున అర్థమును మాఱినదనుట రెండవ పక్షము. పాశ్చాత్యుల రాక్ సంగీతమున ఒకరి పాటను వేఱొకరు పాడినచో దానిని కవర్ అందురు. మధురానగరు మొదలు ఫిల్మ్ నగరు వఱకు గల వీథులలో సినిమాపాటతో బ్రదుకువారు పాతపాటకు క్రొత్త వాద్యములు కూర్చినచో రీమిక్స్ అని పిలుతురు. పండితులలో పెక్కండ్రు ఇది వ్యాపారమేకాని సాహిత్యము కాదని చెవి యొగ్గరు. పడుచువారిలో కొందఱు ప్రతిపదమునందును రహస్యము వెదకి, కవి తలపనిదానిని సైతము కవికి అంటగట్టుచున్నారు. మొదటివారు విననందునను, రెండవవారు మితిమీఱి విన్నందునను పాటయొక్క యసలు వ్యంగ్యము ఇరువురకును చిక్కకున్నది.

ఈ విషయమున వ్యాకరణశాస్త్రము మిక్కిలి యుపకరించును. ‘ఆవు పాలిచ్చును’ అన్నప్పుడు ఆ శబ్దమునకు జంతువు అర్థము. ‘ఆవు రెండక్షరముల మాట’ అన్నప్పుడు శబ్దమునకు శబ్దమే యర్థము. శబ్దము తన రూపమును తానే బోధించుననుటను పాణిని మొదటి యధ్యాయముననే చెప్పియున్నాడు. ఒకడు పలికినదానిని వేఱొకడు పలికి చూపుట అనుకరణము, పలుకబడినది అనుకార్యము. ఈ రెండిటికిని భేదమును వివక్షించినచో అనుకార్యమే అనుకరణమున కర్థమగును. అర్థవంతము కావున అది ప్రాతిపదికమై విభక్తిని గొనును. భేదము వివక్షింపనిచో దానికి వేఱర్థము లేదు, విభక్తియు రాదు. ‘ఇతడు గో యనెను’ అను తావున గోశబ్దము విభక్తి లేకయే నిలుచుట ఈ రెండవ పక్షమునకు వైయాకరణులు చూపు ఉదాహరణము. అనుకరణము ప్రకృతివలె ప్రవర్తించునని యొక పరిభాషయు కలదు. ‘వలె’ అను మాటయందే రెండును ఒక్కటి కావను నొప్పుకోలు ఇమిడియున్నది.

పునర్గీతమును ఈ శాస్త్రదృష్టితో చూచినచో దాని ప్రథమార్థము పాటలోని నదియు కాదు, వెన్నెలయు కాదు, పూర్వగీతమే. వినువాడు ముందుగా ‘ఇది ఆ పాట’ అని గుఱుతుపట్టును. అటుపిమ్మటనే పదముల యర్థము తోచును. గుఱుతుపట్టని వానికి అది పునర్గీతమే కాదు, క్రొత్తపాట. కావున గూఢార్థమును వెదకువాడు మొదట పరీక్షింపవలసినది పాటకును పాటకును గల సంబంధమును.

దీనికి ఫిల్మ్ నగరుననే తగిన యుదాహరణము కలదు. 1982లో సురేశ్ ప్రొడక్షన్సు పక్షమున డి. రామానాయుడుగారు నిర్మింపగా కె. రాఘవేంద్రరావుగారు దర్శకత్వము వహించిన ‘దేవత’ వెలువడెను. అందలి ‘ఎల్లువొచ్చి గోదారమ్మ’ అను పాట వేటూరి సుందరరామమూర్తిగారి రచన, చక్రవర్తిగారి స్వరకల్పన. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారును పి. సుశీలగారును పాడిరి. శోభన్‌బాబుగారును శ్రీదేవిగారును తెఱపై నభినయించిరి. ముప్పదియేడేండ్లకు, 2019 సెప్టెంబరు 20వ తేదీన, హరీశ్ శంకర్‌గారి ‘గద్దలకొండ గణేశ్’ చిత్రమున ఈ పాట మరల వినబడెను. వాద్యసంయోజనము మిక్కీ జె. మేయరుగారిది. పదములు వేటూరివారివే, కంఠములు ఆ యిరువురివే. తెఱపై మాత్రము వరుణ్ తేజ్‌గారును పూజా హెగ్డేగారును ఉన్నారు. ఇసుకపై వరుసలు తీర్చిన బిందెలును మరల వచ్చినవి. తార్కికులు ఘటము లేనిదే యేయుదాహరణమును చెప్పనేరరని పరిహాసము కలదు. ఈ పాటకును ఘటము లేనిదే గుఱుతు లేదు!

ముందు మూలమును చూడవలెను. ‘వెల్లువ’ యందలి మొదటి వకారము లోపించుటయు, ‘వచ్చి’ యందు వకారము మీది యకారము ఒకారమగుటయు బాలవ్యాకరణము చదివినవారికి గ్రామ్యములు. గ్రామ్యత్వమును దోషములలో నెన్నిన ఆలంకారికులే వక్త పామరుడైన తావున అది గుణమని యొప్పుకొనిరి. ఇక్కడ పాడువారు పల్లెవారు. ‘వెల్లువ వచ్చి’ యని సవరించినచో పాట కాలు విఱుగును. నదిని ఆడుదానిగా పలుకుట, వఱద ఆమెను వెల్లకిల పడద్రోయుట, ఇవి సమాసోక్తిచే శృంగారమును సూచించుచున్నవి. ఇంతవఱకు గూఢమేమియు లేదు. పదునాఱేండ్ల పిల్లవానికిని తెలియును. వేటూరివారి నేర్పు తరువాతి చిత్రమునందున్నది. వెన్నెల సోకి రెల్లుపూలు వెండివగుటను ఆయన చెప్పినాడు. వఱద వర్షర్తువుది, రెల్లుపూత శరత్తునకు గుఱుతు. సంస్కృతకవుల శరద్వర్ణనములలో కాశపుష్పము లేనిది అరుదు. ఇది కాలవిరోధమందుమా? భాద్రపదమున గోదావరి పొంగియుండగనే లంకలలో రెల్లు పూయుట కన్నవా రెఱుగుదురు. ఋతుసంధియందు రెండును కలియును. కవి తన యేటిని కన్నవాడే కాని పుస్తకమున చదివినవాడు కాడు.

ఇట్టితావుననే మితిమీఱిన వ్యాఖ్యానము మొలకెత్తును. వఱద యౌవనమనియు, వెండి నెఱసిన తల యనియు, కావున ముప్పదియేడేండ్ల పిమ్మట రాబోవు పునర్గీతమును కవి 1982లోనే సూచించెననియు చెప్పుట కష్టము కాదు. విన సొంపుగానుండును; నిలువదు. తాత్పర్యమును నిర్ణయించుటకు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి యను లింగములను మీమాంసకులును వేదాంతులును చెప్పిరి. ఆ పాట మొదలునుండి తుదివఱకు సంభోగశృంగారమునకే కట్టుబడినది. వార్ధక్యమునకు అందు ఉపక్రమమును లేదు, అభ్యాసమును లేదు. పదములలో లేని దానిని పదములలో నున్నదని చెప్పరాదు. ఐనను 2019లో ఆ పాట విన్న పెక్కండ్రకు ఏదో యొక విషాదము తోచిన మాటయు నిజము. అది యెక్కడినుండి వచ్చెను?

వ్యంజనకు హేతువులుగా మమ్మటుడు వక్త, వినువాడు, కాకువు, వాక్యము, వాచ్యము, అన్యసన్నిధి, ప్రస్తావము, దేశము, కాలము మొదలగువానిని చెప్పెను. పునర్గీతమునందు వీనిలో నేది మాఱినదో చూచిన చాలును. రాక్ పాటలలో సామాన్యముగా మాఱునది వక్త. నైన్ ఇంచ్ నెయిల్స్ అను బృందమునకు నాయకుడగు ట్రెంట్ రెజ్నర్ 1994లో ‘హర్ట్’ అను పాటను వెలువరించెను. తన్ను తాను హింసించుకొను యువకుని నిర్వేదము దాని విషయము. 1932లో పుట్టిన జానీ క్యాష్ దానిని 2002లో పాడి, మఱుసటి యేట గతించెను. యువకుని నోట నది బ్రదుకుపై విసుగు. ముదుసలి నోట గడచిన బ్రదుకునకు లెక్క. ఆతడు పదమును మార్చినది ఒక్కచోటనే. కిరీటమును చెప్పు తావున మూలములోని జుగుప్సాకరమగు పదమునకు మాఱుగా ముండ్లను చెప్పు పదము నుంచెను. వెంటనే క్రీస్తుకథ స్ఫురించి పాటయంతయు పశ్చాత్తాపమువైపు మొగ్గెను. మీమాంసకులు దీనిని ఊహమందురు. ప్రకృతియాగమున అగ్నికై చెప్పిన మంత్రము వికృతియాగమునకు వచ్చినప్పుడు అగ్నిపదము తీసి సూర్యపద ముంచుట వంటిది. దేవత మాఱినది కావున పదము మాఱినది. జానీ క్యాష్ మీమాంస చదువలేదు. ఊహమును మాత్రము శాస్త్రము మెచ్చునట్లు చేసెను. ఒక్క పదముకంటె ఎక్కువ మార్చియుండినచో ‘ఇది ఆ పాట’ యను గుఱుతే చెడియుండును.

గోదావరిపాటయందు ఊహము లేదు. వక్తయు మాఱలేదు, కంఠములవే కావున కాకువును మాఱలేదు. మాఱినది కాలము, అన్యసన్నిధి. 2019 నాటికి చక్రవర్తిగారు (2002), శోభన్‌బాబుగారు (2008), వేటూరివారు (2010), రామానాయుడుగారు (2015) గతించియుండిరి. 2018 ఫిబ్రవరి 24వ తేదీన శ్రీదేవిగారు దుబాయి నగరమున ఆకస్మికముగా మరణించిరి. ఆ పాటను వ్రాసినవాడును, కట్టినవాడును, తీయించినవాడును, ఆడిన యిరువురును లేరు, పాట యున్నది. తెఱపై వేఱొక పడుచు అవే బిందెల నడుమ ఆడుచుండగా, ఎఱిగినవాని మనస్సునకు ముందు వచ్చునది ఆమె కాదు.

శృంగారకరుణములు విరోధులు. మరల కలియు నాశ యున్నచో విప్రలంభము, లేనిచో కరుణము. విరోధిరసము స్మరింపబడినదైనచో దోషము కాదని శాస్త్రము. భారతమున స్త్రీపర్వమందు భూరిశ్రవుని తెగిన చేతిని చూచి ఆతని భార్య ఆ చేయి పూర్వము చేసిన ప్రణయచేష్టలను తలచుకొని యేడ్చును. స్మృతమగు శృంగారము అక్కడ కరుణమును పోషించుచున్నదని ఆనందవర్ధనాదులు నిరూపించిరి. పునర్గీతమున ఈ క్రమము తలక్రిందైనది. కన్నులయెదుటను చెవులయందును ఉన్నది శృంగారము; స్మరింపబడునది మరణము. భూరిశ్రవుని భార్యకు చేయి ఎట్టిదో ప్రేక్షకునకు ఆ కంఠము అట్టిది: శరీరమునుండి విడివడి మిగిలిన యవయవము. ఇదియే పాటలోని గూఢార్థము. ఇది వేటూరివారి పదములలో లేదు. వానిని మార్పు లేక మరల పలుకుటయందున్నది. ఒక్క పదము మార్చినను, వేఱు గొంతుతో పాడించినను ఈ యర్థము చెడియుండును. రీమిక్స్ అను పేర తఱచుగా పదములను నఱకి తాళమును దట్టించువారు ఇది గమనింపదగును.

ఐనను దీనిని ఉత్తమకావ్యమనుటకు వీలు లేదు. దర్శకుడు నాయికపాత్రకు శ్రీదేవి యనియే పేరు పెట్టెను. వ్యంగ్యము వాచ్యమువలె తేటపడినచో అది అగూఢమనియు, అట్టిది గుణీభూతవ్యంగ్యమున చేరుననియు మమ్మటుని నిర్ణయము. పాటయు, బిందెలును, కంఠములును తామై చెప్పుచున్నదానిని పేరు బిగ్గరగా చెప్పివైచినది. ఆ పేరు లేకున్నను ఎఱిగినవాడు ఎఱుగును. ఎఱుగనివానికి పేరు చెప్పినను తెలియదు. ఎవరికొఱకు ఆ పేరు? ఆ నటికి నివాళి యని దాని కొక సమాధానము చెప్పుదురు. నివాళి కావచ్చును, కాని నివాళికి వ్యంగ్యముతో పని లేదు.

విపరీతముగా, నిజముగా వ్యంజకమైన పేరొకటి ఆ చిత్రమునకు మొదట నుండి తొలగిపోయినది. దాని పూర్వనామము ‘వాల్మీకి’. అభ్యంతరములు రాగా విడుదలకు ముందునాడు ఆ పేరు మార్పబడెను. క్రూరుడైన నాయకుడు సినిమా చేతిలో మాఱు కథకు, కిరాతుడు కవి యైన కథ ఆ యొక్క పేరుతో స్ఫురించెడిది. శోకము శ్లోకమైనదని ధ్వనికారుడు ఎవరిని గూర్చి చెప్పెనో ఆ కవి పేరును అదియే. ఇప్పటి పేరు ఊరును వ్యక్తిని చెప్పి యూరకుండును. ఆ చిత్రము సైతము 2014 నాటి తమిళ ‘జిగర్తండా’కు పునర్నిర్మాణము, పునర్నిర్మితమున పునర్గీతము! పునర్నిర్మాణమున భాష మాఱుటచే అనుకరణన్యాయము దానికి వర్తింపదు. ‘దేవత’ 1984లో హిందీయందు ‘తోఫా’ యైనప్పుడును అంతే. అవి యర్థమునకు అనువాదములు. శబ్దమునకు అనుకరణములు కావు.

మఱి యొక్క మాట మిగిలినది. 2020 సెప్టెంబరు 25వ తేదీన బాలసుబ్రహ్మణ్యముగారు గతించిరి. 2019లో ఆ పాట విన్నవానికి కంఠము ఉన్నవానిది, రూపము లేనివారిది. ఆ తరువాత విన్నవానికి పురుషకంఠమును స్మృతివైపు చేరినది. పత్రమున అక్షరము మాఱలేదు, నాదమున శ్రుతి మాఱలేదు. మమ్మటుడు చెప్పిన హేతువులలో కాలమొక్కటి మాత్రము మరల మాఱినది.