తీరం వెంట తిరుగుదారి: ‘కాశీయాత్ర చరిత్ర’పై ఒక పరిశీలన

ఏనుగుల వీరాస్వామయ్య పేరు మీకు కొత్త కాదు. ఆధునిక వచన వికాసాన్ని వివరించే పాఠాల్లో ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ప్రస్తావన తప్పకుండా వస్తుంది. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో చూసిన విషయాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాస్తూ వచ్చాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, 1838లో పిళ్ళ ఆ రాతలను పుస్తకంగా అచ్చువేయించాడు. దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించిన 1941 నాటి ప్రచురణ వల్ల ఈ గ్రంథం మళ్ళీ పాఠకుల చేతికి వచ్చింది.

ఈ పుస్తకం మీద ప్రశ్న వస్తే విద్యార్థులు సాధారణంగా రాసే సమాధానం ఒకటి ఉంది. ఆనాటి కంపెనీ పాలన, ధరలు, కులవృత్తులు, ఆచారాలు ఇందులో నమోదయ్యాయి కాబట్టి దీనికి చారిత్రక ప్రాధాన్యం ఉందని రాస్తారు. అది తప్పు సమాధానం కాదు. అయితే ఆ మాట గజెటీరు గురించి కూడా అనవచ్చు. చరిత్రకారుడికి పనికిరావడం వేరు, యాత్రాచరిత్రగా నిలబడడం వేరు. ఈ రెండో విషయాన్ని తేల్చడానికి పుస్తకంలో కాశీ ఘట్టం కంటే తిరుగుదారి, అందులోనూ పూరీ జగన్నాథం దాటాక సముద్రతీరం వెంట సాగిన భాగం, ఎక్కువ సహాయపడుతుంది.

కారణం చెబుతాను. కాశీ, ప్రయాగ, గయ అయిపోయాయి. జగన్నాథ దర్శనం కూడా అయింది. దారిలో సింహాచలం వంటి క్షేత్రాలు ఇంకా ఉన్నా, ఏ సంకల్పంతో బయలుదేరాడో అది నెరవేరింది. ఇక మిగిలింది ఇంటికి చేరడమే. పుణ్యం కోసం నడిచేవాడికి దారి ఒక కష్టం మాత్రమే. ఆ కష్టం కూడా పుణ్యంలో భాగమని సరిపెట్టుకోవచ్చు. ఇంటికి నడిచేవాడికి ఆ ఊరట లేదు. అతను దారిని దారిగానే చూడాలి. శీర్షికలో కాశీ ఉన్నందువల్ల మనం ఈ భాగాన్ని త్వరగా తిప్పేస్తాం. అలా తిప్పేయడం వల్ల నష్టపోయేది మనమే.

తీరదేశంలో తిరగడం అప్పట్లో ఎలా ఉండేదో ముందు ఊహించుకోవాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంటే ఎడమచేతి వైపు సముద్రం. కుడివైపు కొండల నుంచి దిగే నదులన్నీ ఈ దారిని అడ్డంగా కోసుకొంటూ పోతాయి. వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నది సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ వెడల్పవుతుంది, పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. గోదావరి మీద రైలు వంతెన 1900లో వచ్చింది. వీరాస్వామయ్య వచ్చిన 1831లో ఇవేవీ లేవు. సెప్టెంబరు మొదట్లో మద్రాసు చేరాడంటే ఈ నదుల్లో చాలావాటిని వరద నెలల్లోనే దాటి ఉండాలి. వెంట సుమారు వందమంది పరివారం. పల్లకీ, డేరాలు, పెట్టెలు, వంట సామాను అన్నీ పడవకెక్కాలి, దిగాలి. రేవు దగ్గర పడవ లేకపోతే అక్కడే మజిలీ.

ఈ పరిస్థితిలో పుట్టిన వచనం ఎలా ఉంటుందో గమనించండి. ప్రతి మజిలీకి దూరం చెబుతాడు. దారి ఇసకా, రేగడా, రాతినేలా అని చెబుతాడు. తాగే నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళున్నాయా, దిగడానికి సత్రమో తోపో ఉందా, రేవు ఎలా దాటించారు – ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. మొదటిసారి చదివేవారికి విసుగు పుడుతుంది. రెండోసారి చదివినప్పుడు ఒక సంగతి అర్థమవుతుంది. ఈ వాక్యాలు తన అనుభవాన్ని ప్రదర్శించడానికి రాసినవి కావు. రేపు ఇదే దారిన వచ్చే మరో ముసాఫరు కోసం రాసినవి. తీరప్రాంతంలో బావినీళ్ళు కొన్ని అడుగుల దూరంలోనే తీపి నుంచి ఉప్పుకు మారుతాయి. నీళ్ళ రుచి చెప్పడం అక్కడ వర్ణన కాదు, హెచ్చరిక. మన యాత్రారచనల్లో ‘మరచిపోలేని అనుభూతి’ వంటి మాటలకు కొదవలేదు. ఆ మాట చదివి ఎవరూ ప్రయాణం చేయలేరు.

భాష విషయంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. గ్రాంథికం అలవాటున్న పండితుడికి ఈ రచనలో హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవ మాటలు కలగాపులగంగా కనిపిస్తాయి. కానీ రేవు దగ్గర, ఠాణా దగ్గర, అంగడి దగ్గర వాడుకలో ఉన్న మాటలు అవే. ఏ ఊళ్ళో ఏ మాట అంటే పని జరుగుతుందో దుబాసీకి తెలిసినట్లు మరొకరికి తెలియదు. మధ్యమధ్య వచ్చే వేదాంత చర్చలు మాత్రం నా దృష్టిలో పుస్తకానికి బరువే. కొందరు విమర్శకులు వాటిలోనే రచయిత వ్యక్తిత్వం ఉందంటారు. నాకు ఆయన వ్యక్తిత్వం ఇసకదారి గురించి చెప్పేటప్పుడు ఎక్కువ కనిపిస్తుంది.

మరో విలువ కూడా ఉంది. దానిని రచయిత ఉద్దేశించలేదు. ఆయన తీరాంధ్రం దాటిన మరుసటి ఏడాది, 1832–33లో, నందన కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. ఫలానా ఊళ్ళో అన్నీ దొరుకుతాయి అనే చిన్న వాక్యం కరువు తర్వాత చదివితే అదే వాక్యంగా ఉండదు.

పోలికకు మరొక ప్రయాణాన్ని తీసుకొందాం. పోతం జానకమ్మ భర్తతో కలిసి మద్రాసు నుంచి ఓడలో ఇంగ్లండు వెళ్ళివచ్చి తన యాత్ర గురించి రాసింది. ఆ రచన ఇంగ్లీషు రూపం 1876లో మద్రాసులో అచ్చయింది. సముద్రాలకు అవతలి దేశానికి ఒక తెలుగు స్త్రీ వెళ్ళి, అక్కడి వింతలు, మనుషులు, మర్యాదలు తన కళ్ళతో చూసి చెప్పడం ఆ కాలానికి చాలా పెద్ద విషయం. ప్రయాణికురాలు ఓడకు, రైలుకు టిక్కెట్టు కొన్నాక దారిని కనుక్కొనే పని కంపెనీల చేతికి పోతుంది. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయని ఆమె అడగనక్కర్లేదు. అందుకే ఆవిరి యంత్రం వచ్చాక రాసిన యాత్రల్లో దారి తగ్గి, చూడదగ్గ చోట్లు పెరిగాయి. యాత్రికుడు టూరిస్టుగా మారిన మలుపు ఇక్కడుంది. వీరాస్వామయ్య ఆ మలుపుకు ఇవతలి మనిషి.

ఇంతవరకు మెచ్చుకొన్నాం. ఇక నిలదీయవలసిన చోటు. ఈ దారంతా నడిచింది ఎవరు? వీరాస్వామయ్య చాలా దూరం పల్లకీలో వచ్చాడు. మోసినవారు బోయీలు. ఇసకలో కాలు దిగబడింది వాళ్ళకు. వరద రేవులో సామాను దింపి ఎక్కించింది పరివారం. ఆయన నిర్దయుడు కాదు. తన వెంట ఉన్నవారి కష్టసుఖాలను పట్టించుకొన్నవాడే. అయినా రచనలో బోయీలు ఒక గుంపుగానే కనిపిస్తారు. పదిహేను నెలలు భుజం మార్చుకొంటూ మోసిన మనుషులు కాశీని చూసి ఏమనుకొన్నారో, గోదావరి దగ్గర ఏం మాట్లాడుకొన్నారో మనకు తెలియదు. దారి బాగుంది, దారి బాగాలేదు అనే తీర్పు పల్లకీలో నుంచి వచ్చింది. పైగా సుప్రీం కోర్టు ఉద్యోగం తెచ్చిన పలుకుబడి ఉంది. ఏ పలుకుబడీ లేని బాటసారికి అదే రేవులో పడవ ఎప్పుడు దొరికేదో ఈ పుస్తకం చెప్పదు. కాబట్టి ‘ఆనాటి ప్రయాణాలు ఇలా ఉండేవి’ అని సమాధానం మొదలుపెట్టకండి. ‘వందమందితో, పల్లకీతో, పరిచయాలతో వెళ్ళినవాడి ప్రయాణం ఇలా ఉండేది’ అని రాయండి. ఒక్క వాక్యం మారితే సమాధానమంతా మారుతుంది.

ఈ విమర్శ పాత పుస్తకానికే పరిమితం కాదు. వీరాస్వామయ్య పోయేటప్పుడు శ్రీశైలం, హైదరాబాదు మీదుగా పోయాడు, వచ్చేటప్పుడు తీరం పట్టాడు. ఈ రెండు దారుల మధ్య ఉన్న మెట్టసీమ, అంటే మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం, ఆయన మజిలీల్లోకి రాలేదు. అయితే ఇక్కడ యాత్రలు లేవా? మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకొని బండ్ల మీద వచ్చేవారు, మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన వచ్చేవారు ఉన్నారు. వాళ్ళను మనం భక్తులంటాం, జనం అంటాం. యాత్రికులుగా, దారి తెలిసినవారుగా లెక్కించం. పర్యాటకశాఖ కరపత్రంలో ఊరికి దూరం, బస్సు, బస ఉంటాయి. మునేరు పారేటప్పుడు నడిచివచ్చేవారు ఎటు తిరిగి వస్తారో, రాత్రి ఎవరి అరుగు మీద పడుకొంటారో అందులో ఉండదు. వీరాస్వామయ్య పద్ధతి తెలిసినవాడు మొదట అడిగేది అదే. బోయీల గురించి ఆలోచించినవాడు అడిగేది ఇంకొకటి కూడా ఉంది: బండి తోలినవాడు ఏం చెబుతాడు?

ఈ ఊరి అమ్మవారు కూడా ప్రయాణం చేస్తుంది. రెండేళ్ళకోసారి రంగుల ఉత్సవానికి విగ్రహాలను జగ్గయ్యపేటకు తీసుకువెళ్ళి, రంగులు వేయించి, బండ్ల మీద ఊరేగింపుగా తిరిగి తెస్తారు. మీలో ఆ దారి ఊళ్ళవారు ఉంటే ఈసారి అసైన్‌మెంటుకు దానినే తీసుకోండి. బండ్లు ఏ ఊరి దగ్గర ఎంతసేపు ఆగాయి, ఎద్దులు ఎవరివి, తాగడానికి నీళ్ళు ఎవరు పోశారు, కాడి దగ్గర నడిచినవారి పేర్లేమిటి – మజిలీ మజిలీకి రాయండి. పేర్లు మాత్రం వదలకండి.