ముందుకాళ్ళు వచ్చే వేళ

తొలకరి పడి, ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలాక కృష్ణా డెల్టాలో బోదెలు, నారుమళ్ళు, రోడ్డు పక్క గుంటలు తోకకప్పలతో కదులుతుంటాయి. వాటిని సీసాలో పట్టి తెచ్చి, కప్పలయ్యేదాకా అరుగు మీద పెట్టుకుని చూడటం ఇక్కడి పిల్లలకు పాత అలవాటు. బడిలో కప్ప జీవితచక్రం పాఠం వచ్చినప్పుడు సైన్సు మాస్టార్లూ ఇదే చేయిస్తారు. పుస్తకంలో బొమ్మ ఎంత బాగున్నా, కాలు మొలవడం కళ్ళారా చూసిన పిల్లవాడికి ఆ పాఠం జన్మలో మరుపురాదు. అందుకే ఈ అలవాటు నిలవాలని నా కోరిక. అయితే సీసాలో పెరిగేవాటిలో చాలా భాగం కప్పలు కాకముందే చనిపోతాయి. అవి పోయేది ఎక్కువగా ఒకే ఘట్టంలో: ముందుకాళ్ళు బయటపడే రోజుల్లో.

అప్పుడు ఒంట్లో జరిగే పని సామాన్యం కాదు. ఆకును అరిగించే పొడవాటి పేగు పురుగును అరిగించుకునేందుకు కురచబడుతుంది. నోరు రూపు మారుతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి దిగుతాయి. తోక రాలిపోదు, ఒంట్లోకే ఇంకిపోతుంది. ఆ కొద్ది రోజులూ దానికి అదే తిండి. వీటన్నిటినీ నడిపేది థైరాయిడ్ హార్మోను. గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త 1912లో గుర్రపు థైరాయిడ్‌ను తోకకప్పలకు మేపితే, అవి ఎదగకుండానే చిట్టి కప్పలైపోయాయి. అయోడిన్ బొత్తిగా అందని తోకకప్ప మాత్రం ఎంత పెరిగినా కప్పగా మారదు.

ముందుకాళ్ళు వచ్చాక తిండి మానేస్తే జబ్బు చేసిందని కంగారుపడి ఇంకా మేత వెయ్యకండి. అది ఉపవాసం ఉండాల్సిన సమయం. వేసిన మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, ప్రాణం తీసేది అదే. మొదట ఒక్క చెయ్యే కనిపించినా అవిటిదనుకోవద్దు. మొప్పల నీళ్ళు బయటికి పోయే రంధ్రం చాలా జాతుల్లో ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ చెయ్యి చాలాసార్లు అందులోంచే వస్తుంది, కుడి చెయ్యి చర్మాన్ని చీల్చుకుని రావాలి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో రెండోదీ వస్తుంది.

ఆ సమయంలో దానికి కావలసింది ఒడ్డు. ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవికి ఎక్కి కూర్చునే చోటు లేకపోతే నీళ్ళలోనే మునిగి చనిపోతుంది. మొదటి చెయ్యి కనపడగానే నీళ్ళు రెండు వేళ్ళ లోతుకు తగ్గించి, పెంకు ముక్క ఒకటి ఏటవాలుగా పెట్టాలి. పైన పల్చటి గుడ్డ కట్టాలి, లేదంటే రాత్రికి రాత్రే గోడెక్కి ఎండిపోతాయి.

అసలు జబ్బులూ ఉన్నాయి. ముందుకాళ్ళు పుల్లల్లా వచ్చి బరువు మోయలేకపోవడం వాటిలో ఒకటి. తిండిలో లోపం, నీళ్ళలో కాల్షియం తక్కువ కావడం, కిక్కిరిసి ఉండటం కారణాలని అనుమానం, శాస్త్రం ఇంకా తేల్చలేదు. అది వచ్చాక మందు లేదు. పొట్ట బెలూనులా ఉబ్బి వెల్లకిలా తేలేది మరొకటి. దాన్ని వేరే గిన్నెలోకి మార్చి శుభ్రమైన నీళ్ళు పొయ్యడమే మనం చేయగలిగేది. చేపల తొట్టికి వాడే రాగి మందులు మాత్రం పొయ్యకండి, తోకకప్పలకు రాగి విషం.

కాబట్టి జాగ్రత్తంతా ముందే పడాలి. విజయవాడ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పు పళ్ళెంలో ఒక రోజు ఉంచాకే వాడాలి. తీరం వైపు ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళు అసలు పనికిరావు. అన్నిటికన్నా మేలైనవి అవి దొరికిన గుంట నీళ్ళే, కానీ పురుగుమందు కొట్టిన చేను పక్కవి తేవద్దు. మేతగా పాలకూర ఉడకబెట్టి వేస్తుంటారు. రోజూ అదే వేస్తే అందులోని ఆక్సాలిక్ ఆమ్లం మూత్రపిండాలకు చేటు. అదే గుంటలోని పాచి పట్టిన రాయి ఒకటి తెచ్చి వేయండి, పిల్లలు చెంచాతో మేపే దానికంటే నయం. గిన్నె నీడలో ఉండాలి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఏ గుంపును తెచ్చామో కూడా చూసుకోవాలి. నల్లగా గుంపుగా తిరిగేవి ఎక్కువగా గోండ్రుకప్ప పిల్లలు. బావురుకప్ప పిల్లలు తోటివాటినే తినేస్తాయి, రెంటినీ కలిపి ఉంచితే మిగిలేది ఒక జాతే. ఈ బావురుకప్ప కాళ్ళనే మన దేశం ఒకప్పుడు టన్నులకొద్దీ విదేశాలకు పంపింది. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. వరి చేలో పురుగును తినే జీవి అది, పెంపుడు జంతువు కాదు.

మాస్టార్లకు నా మనవి ఒకటే. ఈ వానాకాలం తరగతికి ఐదారు తోకకప్పలు చాలు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో సీసా వద్దు. మొదటి చెయ్యి వచ్చిన రోజును, తోక సగమైన రోజును పిల్లలచేత రాయించండి. తోక మొండిగా మిగిలి ఉండగానే, పురుగు మేత కోసం అవి అల్లాడకముందే, తెచ్చిన గుంట ఒడ్డునే వదిలిపెట్టించండి.